పొట్ట మీద పెట్టిన దారి

కడుపు ఉబ్బి, వాంతులవుతూ, కిందికి గాలి కూడా పోని మనిషికి ఆముదం తాగించకండి. పొట్ట రుద్దకండి. రేపు చూద్దాంలే అనుకోకండి. మిగతాది తీరిక ఉన్నప్పుడు చదువుకున్నా ఫరవాలేదు, ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం నా సొంతం. జరిగినదాన్ని ఒక వరసలో పెట్టుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. ఎనిమిదో తరగతి దాకా చదివి, మా నాయన చెప్పినట్టు మగ్గం కింద కాళ్లు దింపుకునే గుంతలో కూర్చున్నాను. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నా భార్య కుళ్లాయమ్మ మా మేనమామ కూతురు. ఆమె పుట్టిల్లు పెనుకొండ.

1961 ఎండాకాలం, పెనుకొండ

మేనమామ ఇంట్లో ఆయన మనవరాలికి చెవులు కుట్టే శుభకార్యం. నేనూ కుళ్లాయమ్మా రైల్లో వెళ్లాం. నాయన మగ్గం వదిలి రానన్నాడు.

మధ్యాహ్నం విస్తరి ముందు బాగానే కూర్చున్నాను. చేతులు కడుక్కుని లేచిన కాసేపటికి బొడ్డు కింద నొప్పి మొదలైంది. రంగులోంచి తీసిన పట్టు చిలపను, అంటే పోగుల కట్టను, కర్రకు వేసి మెలిపెట్టి పిండుతాం. అచ్చం అట్లా, ఎవరో లోపల నిలబడి పిండుతున్నట్టుంది. కాస్త వదిలేది, ఊపిరి తీసుకునేలోపు మళ్లీ మెలి పడేది.

మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, నా తల ఒళ్లో పెట్టుకుంది. "పెండ్లి భోజనం మాదిరి తింటివి, అరగలేదు. ఆముదం తాగితే అంతా జారిపోతాదిలే నాయనా" అని తనే వెచ్చచేసి తాగించింది. ఎవరో పొట్టకు నూనె రాసి రుద్దారు. అందరూ ప్రేమతో చేసినవే. అవ్వ చెయ్యి ఎంత మెత్తనో నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ ఆముదం కిందికి దిగడానికి లోపల దారి లేదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మరునాటికి పొట్ట డోలులా బిగుసుకుంది. ఆకుపచ్చ నీళ్లు వాంతి అవుతున్నాయి. ఊళ్లో డాక్టరుగారు వచ్చి వేలితో పొట్ట మీద తట్టి చూసి, "గాలి ఎప్పుడు పోయింది?" అని అడిగారు. అంతమందిలో ఆ ప్రశ్నకు సిగ్గుపడి నేను జవాబు చెప్పలేదు. కుళ్లాయమ్మ చెప్పింది, "నిన్నటినుంచి లేదు సార్." "హిందూపురం తీసుకుపోండి. ఇప్పుడే. అన్నాలు తిని పోదామని కూర్చోవద్దు" అన్నారు.

జట్కాలో స్టేషన్‌కు పోతుంటే దారిలో ప్రతి రాయీ నా కడుపులోంచే పోయింది. రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద నన్ను పడుకోబెట్టి కుళ్లాయమ్మ కొంగుతో విసురుతూ పట్టాలకేసి చూస్తోంది. రైలు వచ్చాక పెట్టె నిండా సంతకు పోయే చింతపండు బుట్టలు. బుట్టలవాళ్లే సర్దుకుని చోటిచ్చారు. ఒక గొర్రెల కాపరి తన కంబళి కింద పరిచాడు. దాని మీదే వాంతి చేసుకున్నాను. మా వెంట వచ్చిన మేనమామ నొచ్చుకుని ఏదో అనబోతే, "కడిగితే పోతాదిలేప్పా, దానిదేముండాది" అన్నాడు ఆ కాపరి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

హిందూపురం

ఆసుపత్రి వరండాలో బల్ల మీద పడుకుని ఉన్నాను. డాక్టరు పక్కనే నిలబడి మామతో మాట్లాడుతున్నాడు. మాటలన్నీ వినపడుతున్నాయి గాని, అవి నా గురించే అని నమ్మకం కుదరడం లేదు.

"పేగు మెలి తిరిగింది. మెలిపడిన ముక్క చచ్చిపోయుంటే కోసి తీసేయాలి. పై కొసను పొట్ట మీదికి తెచ్చి అక్కడ దారి పెడతాం. మలం అక్కడినుంచే వస్తుంది. కొన్ని నెలలు పోయాక మళ్లీ లోపల కలపవచ్చు."

మామ చేతులు నలుపుకున్నాడు. "ధర్మవరానికి మనిషిని పంపుతాను సార్. మా బావ, వీళ్ల నాయన, వచ్చి సరే అంటే..."

కుళ్లాయమ్మ వాళ్ల నాయనను దాటుకుని ముందుకొచ్చింది. "మా మామ వచ్చేదాకా ఈయన ఉంటాడా సార్?"

డాక్టరు అడ్డంగా తల ఊపాడు.

"అయితే కోయండి. మా మామకు నేను చెప్పుకుంటా."

ముక్కు మీద గుడ్డ వేసి మందు చుక్కలు పోశారు. తియ్యటి, ఊపిరాడని వాసన. తర్వాత ఏమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం, చేతికి సూది, నోరు ఎండి బెరడులా ఉంది. నీళ్లివ్వరు. తడి దూదితో పెదవులు తుడుస్తారు, అంతే. మనిషికి దాహం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కట్టు మార్చడానికి వచ్చిన నర్సు రోజమ్మ, "ఒకసారి చూసుకో నాయనా. ఈ పొద్దు చూసుకోకుంటే రేపు ఇంకా కష్టం" అంది. ఒక్క క్షణం చూశాను. పొట్టకు ఎడమపక్కన ఎర్రగా, తడిగా, నోరు తెరిచిన మాంసపు ముద్ద. మొహం గోడవైపు తిప్పుకున్నాను.

రోజమ్మ దాన్ని కడిగి కట్టుకట్టే పని కుళ్లాయమ్మకు నేర్పడం మొదలుపెట్టింది. నేను దుప్పటి లాక్కున్నాను. "నువ్వు చూడొద్దు."

"కొయ్యమన్నదే నేను. చూడకుంటే ఎట్ల?" అని ఆమె దుప్పటి తీసేసింది.

నాయన వచ్చిన రోజు ఇంకా కష్టంగా గడిచింది. మంచం కాళ్ల దగ్గర నిలబడి నన్ను చూశాడు, గొట్టాలను చూశాడు, తర్వాత కుళ్లాయమ్మ వైపు తిరిగాడు. "నా కొడుకు పొట్ట కోయించేదానికి నువ్వెవరు?"

వార్డంతా విన్నది. కుళ్లాయమ్మ బొక్కెనలో గుడ్డ పిండుతూనే ఉంది. ముక్కులో గొట్టంతో నాకు మాట పెగలక అరచేత్తో మంచాన్ని కొట్టాను. అప్పుడు పక్క మంచం మీది మనిషి మాట్లాడాడు.

"ఆయమ్మ కోయించకుంటే నువ్వు ఈడికి కొడుకును చూసేకి రావప్పా. మట్టేసేకి వస్తాంటివి."

నాయన వరండాలోకి పోయాడు.

ఆ మనిషి పేరు రంగప్ప, రొళ్ల దగ్గర రైతు. సగం కన్నడం, సగం తెలుగు. ఆయనకూ నాకులాగే పేగు మెలిపడి, పొట్ట మీద దారి పెట్టి పంపారట. మళ్లీ వచ్చి దాన్ని మూయించుకున్నాడు. చొక్కా ఎత్తి కట్టు చూపించాడు. "చూడప్పా, నాకూ ఈడే ఉండె. ఇప్పుడు లేదు. నువ్వు సుమ్మనే గోడ చూసుకోని పండుకుంటే ఏమొస్తాది?" నవ్వినప్పుడు, దగ్గినప్పుడు దిండు పొట్టకు అదిమి పట్టుకోమని నేర్పింది ఆయనే. నేర్పి, నన్ను నవ్వించేవాడు. "మొదటిసారి గాలి పోయిన దినం మావోళ్లు తేరు లాగినంత సంతోషపడిరి" అనేవాడు. నేను దిండు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటూ నవ్వేవాణ్ని.

ఒక ఉదయం ఆయన మాట్లాడలేదు. జ్వరం. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బింది. డాక్టరు వచ్చాడు, వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. మంచం చుట్టూ తెర కట్టారు. తెర అవతల మూలుగు విని భయపడ్డాను. తర్వాత మూలుగు ఆగితే ఇంకా భయమేసింది. మరునాడు మధ్యాహ్నం తెర తీసేశారు. పరుపు చుట్టి తీసుకుపోయారు. రంగప్ప భార్య మూట కట్టుకుని, గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి నా మంచం దగ్గర నిలబడింది. "నీకు బాగయితాది నాయనా" అని వెళ్లిపోయింది.

నేను ఆ మాట నమ్మలేదు. ఈ దారితోనే బతుకుతాను, మళ్లీ కత్తి కిందికి పోను అని ఆ రోజే తీర్మానించుకున్నాను.

వానాకాలం, ధర్మవరం

ఇంటికి వచ్చాక నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. ఒకేసారి కడుపునిండా తినకూడదు. కొద్దికొద్దిగా, మెత్తగా, బాగా నమిలి తినాలి. నీళ్లు తాగితే తడి ఎక్కువవుతుందని మానేశాను, దాంతో కళ్లు తిరిగి పడిపోయాను. నీళ్లు మానకూడదు. చుట్టూ చర్మం ఒరుసుకుపోయి మంట పుడుతుంది. తుడిచి, ఆరనిచ్చి, మందు రాసి, పాత పంచె గుడ్డ మడతలు పెట్టి కట్టుకోవాలి. గుడ్డ కొత్తదైతే కోస్తుంది, ఎన్నిసార్లు ఉతికితే అంత మేలు.

వాసన గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను. ఉంటుంది. మనకు తెలిసేది ఎదుటివాళ్లకు అంతగా తెలియదు, కానీ ఆ మాట నమ్మడం కష్టం. స్నేహితులు పలకరించడానికి వస్తే కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ని. కొన్నాళ్లకు వాళ్లు రావడం మానేశారు.

మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. నాయనకు చూపు తగ్గి సన్నపు అంచు పోగులు కనపడవు. మా ఇళ్లలో అప్పటిదాకా ఆడవాళ్లు దారం కండెలు చుట్టేవాళ్లు, మగ్గంలో కూర్చునేవాళ్లు కాదు. ఒక పొద్దున కుళ్లాయమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గుంతలోకి దిగింది.

నాయన గుమ్మంలోంచే అరిచాడు. "మగ్గంలో ఆడదాన్ని కూర్చోబెట్టి తింటాండారని ఊరంతా అనుకోవల్లనా?"

"ఊరు మనకు సంగటి పెడ్తాదా మామా?" అంది ఆమె, తల ఎత్తకుండా.

నాయన ఆ రోజు అన్నం తినలేదు. నేను మంచం మీదినుంచే నేర్పేవాణ్ని. పోగులు తెగేవి. నా గొంతు లేచేది. "కాలు ముందు! చెయ్యి తర్వాత! ఎన్నిసార్లు చెప్పల్ల?"

ఆమె పోగుల మధ్య ఆడించే నాడె పక్కన పెట్టింది. "నువ్వొచ్చి నెయ్యి!"

ఆ మాట అన్నాక ఆమె మొహం తెల్లబోయింది. ఆ పూట మగ్గం చప్పుడు మళ్లీ వినపడలేదు.

మరునాడు ఆమె బజారుకు పోయిన సమయంలో నేను గోడ పట్టుకుని లేచి గుంతలోకి దిగాను. నేసిన బట్ట చుట్టుకునే కర్ర నేతగాడి పొట్టకు ఆనుకుని ఉంటుంది. పుట్టినప్పటినుంచీ ఆ సంగతి తెలిసినా, దాన్ని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్కసారి నాడె విసిరి ముందుకు వంగాను. కర్ర సరిగ్గా పొట్ట మీది ఆ దారికే తగిలింది. కట్టు ఎర్రబడింది. గుంతలోంచి లేవలేకపోయాను. "నాయనా" అని పిలిచాను.

ఆయన చంకల కింద చేతులు వేసి నన్ను పైకి లాగాడు. కట్టు జారిపోయింది. అప్పటిదాకా ఆయన దాన్ని చూడలేదు. చూసి, తన తలగుడ్డ తీసి దాని మీద అదిమి పట్టి, కుళ్లాయమ్మ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం లోపల కుళ్లాయమ్మ నేస్తోంది. చప్పుడు ఇప్పుడు సమంగా వస్తోంది. పెరట్లో పొగ కనపడితే మెల్లగా అటు నడిచాను. మూడు రాళ్ల మీద కుండ పెట్టి నాయన నా గుడ్డలు ఉడకబెడుతున్నాడు. రంగు బానలోంచి పట్టు తీసినట్టే కర్రతో ఒక్కొక్కటీ పైకెత్తి, చూసి, మళ్లీ ముంచుతున్నాడు. నన్ను చూసి కోపంగా, "ఈడికెందుకొస్తివి? పోయి పండుకో" అన్నాడు.

వచ్చి పడుకున్నాను. ఆ సాయంత్రం మొదటిసారి కట్టు నేనే విప్పి, నేనే కడుక్కుని, నేనే కట్టుకున్నాను. అది కూడా నా ఒంట్లో భాగమే, నన్ను బతికించిన భాగం. అన్ని నెలలూ దాన్ని శత్రువులా చూసి నేను బాగుపడిందేమీ లేదు.

అయినా రెండో ఆపరేషన్‌కు మాత్రం పోనన్నాను. రంగప్ప పేరు చెప్పాను. కుళ్లాయమ్మ చాలాసేపు విని, "ఆయప్ప సచ్చిపోయినాడని నువ్వు పోనంటాండావు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆయమ్మ వెనక్కి తిరిగొచ్చి నీకేం చెప్పె? ఆయమ్మకంటే నీకెక్కువ తెలుసునా?" అంది. మళ్లీ తనే, "నువ్వు ఇట్లనే ఉన్నా నాకు సరే బావా. నీకు సరేనా? అది చెప్పు" అంది.

నాకు సరే కాదు.

దసరా తర్వాత, హిందూపురం

ఈసారి నాయన కూడా వచ్చాడు. అదే వరండా, అదే బల్ల. లోపలినుంచి ఎవరినో పిలిచినప్పుడల్లా నా పేరేనేమోనని లేచి నిలబడేవాణ్ని. ఒకసారి గేటు దాకా పోయాను కూడా. ఎవరూ నన్ను ఆపలేదు. కుళ్లాయమ్మ బల్ల మీద కూర్చుని చూస్తోంది, అంతే. నేనే వెనక్కి వచ్చాను.

డాక్టరును నేరుగా అడిగాను. "రంగప్పకు ఏమైంది సార్?"

ఆయన దాటవేయలేదు. "కలిపిన చోట అతుకు నిలవలేదు. ఎందుకు నిలవలేదంటే కచ్చితంగా చెప్పలేను. నీకు అట్లా కాదని మాట ఇవ్వడం కూడా నావల్ల కాదు. కానీ నీ ఒంట్లో బలం ఉంది. నీ స్థానంలో నేనుంటే చేయించుకుంటాను."

ఏమీ కాదని ఆయన హామీ ఇచ్చుంటే ఆ రోజు పారిపోయేవాణ్నేమో. నిజం చెప్పాడు గనక ఉండిపోయాను.

ఆపరేషన్ అయ్యాక ఇక ఎదురుచూడటమే. పేగు కదిలిందా లేదా అని రోజమ్మ వచ్చి పొట్ట మీద చెవి పెట్టినట్టు వంగి చూసేది. గాలి పోయిందా అని అందరూ అడిగేవాళ్లు. పెనుకొండలో సిగ్గుపడ్డ ప్రశ్నకు ఇప్పుడు నేనే జవాబు వెతుక్కుంటున్నాను. లేదు. లేదు. తర్వాత జ్వరం వచ్చింది.

రంగప్పకు ఎట్లా మొదలైందో నాకు తెలుసు. పొట్ట తడుముకున్నాను, బిగుసుకుంటున్నట్టే అనిపించింది. డాక్టరు వచ్చాడు, వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. నా కళ్లు తెర కోసం వెతుకుతున్నాయి. వరండాలో నాయన గొంతు వినపడింది. "ఇప్పుడేం చేస్తామమ్మా?" కుళ్లాయమ్మను అడుగుతున్నాడు.

"కాచుకుంటాం మామా."

పక్క మంచం వాళ్లు జాలిపడి నాకు కాఫీ ఇవ్వబోయారు. కుళ్లాయమ్మ చేతులు అడ్డం పెట్టి దండం పెట్టింది. డాక్టరు చెప్పేదాకా గుక్కెడైనా తాగకూడదు. చుట్టూ ఉన్నవాళ్ల జాలి ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. నాకు ఆముదం తాగించింది కూడా జాలే.

డాక్టరు కట్టు విప్పించి చూశాడు. కుట్ల మూల చర్మం వాచి ఉంది. రెండు కుట్లు తీసేసరికి చీము బయటికి వచ్చింది. ఆయన మొహంలో బిగువు సడలడం నేను చూశాను. "జ్వరం దీనివల్ల. లోపలినుంచి కాదు అనుకుంటున్నాను" అన్నాడు. ఆ 'అనుకుంటున్నాను' పట్టుకుని ఇంకో రోజు గడిపాను. జ్వరం దిగింది. గాలి మాత్రం పోలేదు. రోజమ్మ, కుళ్లాయమ్మ చెరో పక్క పట్టుకుని కిటికీ దాకా నడిపించేవాళ్లు. నడిస్తే పేగు కూడా కదులుతుందని రోజమ్మ చెప్పేది.

ఒక ఉదయం పక్కగుడ్డ మార్చడానికి నన్ను ఓ పక్కకు ఒత్తిగిల్లమంది రోజమ్మ. ఒత్తిగిల్లాను. అప్పుడు పోయింది. చిన్నదేమీ కాదు. వార్డంతా వినపడింది. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే అందరూ నవ్వారు. రోజమ్మ చేతిలో గుడ్డ వదిలేసి, "స్తోత్రం ప్రభువా" అంది. నేను దిండు కోసం తడుముకున్నాను, అది కింద పడిపోయి ఉంది. కుళ్లాయమ్మ నవ్వుతూనే నా పొట్ట మీద తన అరచేయి అదిమి పెట్టింది. నాయన గుమ్మంలో నిలబడి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

సాయంత్రం గంజి తేట రెండు గరిటెలు ఇచ్చారు. దాని రుచి రాయడానికి ప్రయత్నించాను, రాలేదు. కొట్టేశాను.

1962, ఎండలు ముదరక ముందు, ధర్మవరం

ఇప్పుడు పొట్ట మీద ముడతపడిన మచ్చ మాత్రమే ఉంది. పూర్తిగా బాగయ్యానని అనను. విందు భోజనాలకు పోను. కాస్త ఉబ్బరం అనిపిస్తే చాలు, ఒళ్లు చల్లబడుతుంది. కుళ్లాయమ్మ నా మొహం చూసి, "పోయిందా?" అని అడుగుతుంది. "పోయింది" అంటాను. మా ఇంట్లో ఇప్పుడు ఆ మాటకు ఎవరూ సిగ్గుపడరు. మీ ఇళ్లలోనూ సిగ్గుపడకండి. అడిగినవాడికి నిజం చెప్పండి.

కోలుకోవడం తిన్నగా సాగదు. నాలుగు రోజులు బాగుంటుంది, ఐదో రోజు ఏడుపొస్తుంది. బరువెత్తవద్దన్నారు కాబట్టి నీళ్లబిందె కూడా నాయనా కుళ్లాయమ్మా ఇద్దరే మోస్తారు, నేను చూస్తూ కూర్చుంటాను. ఒకరి చేత చేయించుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే. నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది అదే.

మగ్గంలో ఇప్పుడు పొద్దున కాసేపు నేను కూర్చుంటాను, అలసట వచ్చేలోపు లేచిపోతాను. నేను లేవగానే కుళ్లాయమ్మ దిగుతుంది. ఆమె నేసిన అంచును నేను నేసిన అంచు పక్కన పెట్టి చూశాను. తేడా నాకు తెలుస్తుంది. ఇంకో ఏడాది పోతే తెలియదు.

నిన్న పొద్దున నాయన గడ్డపార భుజాన వేసుకుని ముందింట్లోకి వచ్చాడు. పాత మగ్గం కర్రలు ఎవరి దగ్గరో మాట్లాడి, బండి మీద వేయించి తెచ్చాడు. నేను లేచి గడ్డపార అందుకోబోతే కోపంగా చూశాడు. తర్వాత కుళ్లాయమ్మ వైపు తిరిగాడు.

"రెండో గుంత యాడ తవ్వాల్నో చెప్పమ్మా."

ఆమె గది అంతా ఒకసారి కలయజూసింది. తొందరపడలేదు. కిటికీ దగ్గరికి పోయి, నేల మీద కాలితో గీత గీసింది.

"ఈడ, మామా. ఈడైతే వెలుతురు బాగుంటాది."